సవరణ బాబాయి

మైకు ముందు కూర్చున్నవాడి నోట ఎప్పుడైనా ఒక తప్పు దొర్లడం సహజం. సవరణ బాబాయి నోట తప్పు దొర్లని రోజంటూ లేదు. పొద్దున్నే స్టూడియోలో కూర్చున్నాడంటే మధ్యాహ్నం లేచేలోపు కనీసం ఒక తప్పు, హుషారుగా ఉంటే మూడు నాలుగు, ఊరి మీదికి వదిలేవాడు. వయొలిన్ మోగుతుంటే "ఆహా, ఏం వేణువండీ!" అనేవాడు. "పాటకి నాలుగు నిమిషాలు, ఆరు పాటలకి ఇరవై ఆరు నిమిషాలు" అనేవాడు. ఆ మరుక్షణమే గొంతు సర్దుకుని, ఎవరో పక్కింటివాళ్లు చేసిన తప్పును తాను దిద్దుతున్నంత దర్జాగా, "శ్రోతలకు చిన్న సవరణ" అని మొదలుపెట్టేవాడు. సవరణలో ఇంకో తప్పు ఉండేది. ఊరివాళ్లు ఆ మాట వినీ వినీ ఆయన అసలు పేరు మరిచిపోయారు.

రేడియో స్టేషన్ పరుపుల కొట్టు మేడ మీద ఉండేది. కొట్టూ, స్టేషనూ ఒకే ఓనరువి. బయటి చప్పుడు లోపలికి రాకుండా స్టూడియో గోడలకు అమ్ముడుపోని పరుపులు నిలబెట్టి మేకులు కొట్టించాడు. ఆ గదిలో ఎవరు కూర్చున్నా కాసేపటికి ఆవులింతలు వచ్చేవి. వార్తలు చదివేవాడు ఒకసారి వాతావరణం దగ్గర తల గోడకి ఆనించి, మర్నాటి వార్తలకి గానీ లేవలేదని చెప్పుకునేవాళ్లు.

ఆ స్టేషన్లో ఫోనెత్తే ఉద్యోగం ఒక అమ్మాయిది. అందరూ ఫోనమ్మాయి అనేవాళ్లు. వేరే ఊరి నుంచి వచ్చింది. ఒక ప్రింటింగ్ ప్రెస్ వెనక గది అద్దెకు తీసుకుంది. ఆ గదిలో ప్రెస్సు చప్పుడు తప్ప ఆమెను పలకరించేది ఏదీ లేదు. చేరిన కొత్తలో రోజంతా "హలో, రేడియో స్టేషన్", "లైన్లో ఉండండి" తప్ప మూడో మాట మాట్లాడేది కాదు. తప్పంటే ఆమెకు ఒళ్లుమంట. స్టేషన్ బోర్డు రాసే పెయింటరు గీసిన గీత ఒక వేలెడు వంకర పోతే ఆయన నిచ్చెన దిగేదాకా కాచుకుని మళ్లీ ఎక్కించేది. అలాంటి పిల్లని తీసుకొచ్చి సవరణ బాబాయి గదికి ఎదురుగా, మధ్యలో ఒక్క అద్దం అడ్డం పెట్టి, కూర్చోబెట్టారు.

బాబాయి తప్పు చెప్పగానే మోగేది ఆమె ఫోనే.

"ఏమ్మా, ఆరు నాలుగులు ఇరవై ఆరని మీకు ఏ బడిలో చెప్పారు?" ఇది లెక్కల మేష్టారు. రిటైరైపోయారు గానీ గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది.

"అది వేణువటమ్మా? నలభై ఏళ్లు వయొలిన్ నేర్పినదాన్ని, ఇది వినడానికేనా బతికున్నాను?" ఇది వయొలిన్ టీచరమ్మ.

"పాత బస్సు వంతెన మీంచి వెళ్లేదని చెప్పాడా? మిల్లు రోడ్డమ్మా, మిల్లు రోడ్డు! టికెట్లు కొట్టినవాణ్ని నేనా, ఆయనా?" ఇది ఎప్పుడో ఆగిపోయిన ఆ పాత బస్సు కండక్టరు.

ఆమె కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "బాబాయ్, మీ తప్పులకి తిట్లు నేనెందుకు తినాలి?" అని నిలదీసింది.

"న్యాయమే తల్లీ. నా తిట్లు నాకే కలుపు" అన్నాడాయన.

అప్పటినుంచి ఆ ఫోన్లన్నీ ఆయన బల్ల మీదికే వెళ్లేవి. డ్యూటీ అయిపోయాక కాళ్లు చాపుకుని కూర్చుని తిట్లు తినేవాడు. "అయ్యో... అలాగాండీ... నా బుద్ధి గడ్డి తింది... మరి మిల్లు రోడ్డులో ఎన్నిచోట్ల ఆగేది?... ఓహో!" అంటూ ఉండేవాడు. ఎదుటివాళ్లు అరుస్తున్నకొద్దీ ఆయన మొహం విప్పారేది. సిగ్గనేది ఈ మనిషి ఇంటి వైపుకే వెళ్లలేదని ఫోనమ్మాయి నిర్ధారణ చేసుకుంది.

పైగా ఆ తప్పులు మైకుతో ఆగేవి కావు. స్టూడియో మూల ఉన్న కెటిల్లో ఆయనే టీ పెట్టి ఆమెకొక గ్లాసు ఇచ్చేవాడు. టీలో పంచదార తనకి నచ్చదని ఆమె మొదటివారంలోనే చెప్పింది. మర్నాడు టీలో పంచదార ఉంది. ఆ మర్నాడూ ఉంది.

"పంచదార వద్దన్నానా లేదా బాబాయ్?"

"వద్దన్నావా? కావాలన్నావనుకున్నానే!"

"ఎవరైనా 'పంచదార వద్దు' అంటే 'కావాలి' అని వినిపిస్తుందా? మీ చెవులా, అవేమైనా పరుపులా?"

ఇక అక్కణ్నుంచి ఆమె అందుకునేది. పంచదారతో మొదలుపెట్టి, బాబాయి చొక్కా గుండీల మీదుగా, ప్రెస్సు చప్పుడు, గది ఓనరమ్మ గయ్యాళితనం, నీళ్లు రాని కుళాయి దాకా వెళ్లి వచ్చేది. బాబాయి చేతులు కట్టుకుని వినేవాడు. "రేపటినుంచి చూడు" అనేవాడు. రేపు చూస్తే టీలో పంచదార ఉండేది.

ఇక ఓనరు గురించి చెప్పాలి. ఆయనకి సంగీతం తెలియదు. ఏ పాట వేస్తే పరుపులు అమ్ముడవుతాయన్నదొక్కటే ఆయనకి కావాలి. అది కనిపెట్టడానికి సొంత బావమరిదిని సలహాదారుగా పెట్టుకున్నాడు. ఆ బావమరిది ఎక్కడో ఒక సభకి వెళ్లి, మెడలో పేరు రాసిన బిళ్ల వేలాడేసుకుని వచ్చాడు. ఆ బిళ్ల స్నానానికి కూడా తీసేవాడు కాదు.

మొదట్లో స్టేషన్లో పాత పాటలే వేసేవాళ్లు. బావమరిది వచ్చి చూసి, "పాత పాటలు వినేవాళ్లు కొత్త పరుపులు కొనరు బావా" అన్నాడు. వెంటనే కుర్రకారు పాటలు మొదలయ్యాయి. డప్పులకి కింద కొట్టు అద్దాలు గడగడలాడాయి. కుర్రాళ్లు బ్రహ్మాండంగా విన్నారు గానీ ఒక్క దిండు కొన్నవాడు లేడు. "వీళ్లసలు నిద్రే పోరు బావా" అని తేల్చాడు బావమరిది.

తర్వాత ప్రశాంతత వచ్చింది. రోజంతా సెలయేటి చప్పుడు, పిట్టల కూత, మధ్యమధ్య వయొలిన్. ఊళ్లో ఆడవాళ్లు కుళాయి కట్టేశామో లేదో చూసుకోవడానికి వంటింటికీ హాలుకీ తిరిగి తిరిగి అలిసిపోయారు. కుళాయిలు బాగుచేసే మేస్త్రీ ఒక్కడే ఆ కార్యక్రమం కలకాలం ఉండాలని కోరుకున్నాడు. అది పోయి ప్రేమ వచ్చింది. పొద్దుట్నుంచి రాత్రిదాకా ప్రేమపాటలే. ప్రతి ప్రేమపాట వెనకాలా తప్పనిసరిగా పరుపుల ప్రకటన రావడంతో, పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్లు రేడియో కట్టేసి బీరువా మీద పెట్టేశారు.

ఏ మార్పు వచ్చినా బోర్డు మారాలి కదా. పెయింటరు మొదట్లో నిచ్చెన తెచ్చుకుని, తీసుకెళ్లేవాడు. తర్వాత మోసుకెళ్లడం దండగని గోడకే వదిలేశాడు. దాని పైమెట్టు మీద పావురాలు గూడు పెట్టుకున్నాయి.

ఇన్ని మార్పుల్లోనూ మారనివి బాబాయి తప్పులే. పాత పాటలప్పుడూ వయొలిన్‌ని వేణువన్నాడు, ప్రశాంతతలోనూ అన్నాడు. డప్పుల మధ్య ఆరు నాలుగులు ఇరవై ఆరన్నాడు. ప్రేమపాటల మధ్య పాత బస్సుని వంతెన మీంచి నడిపించాడు. ఓనరు ఓపిక నశించింది.

"చూడండి, రేపు సబ్బుల కంపెనీ ఏజెంటు వస్తున్నాడు. కింద కొట్లో కూర్చుని మన కార్యక్రమం వింటాడు. నచ్చితే ఏడాది పొడుగునా ప్రకటనలిస్తాడు. రేపొక్క తప్పు వినిపించిందా, మైకు ముఖం మళ్లీ చూడరు మీరు!"

"చిత్తం" అన్నాడు బాబాయి.

ఫోనమ్మాయికి ఆయన మీద ఎంత చిరాకున్నా ఉద్యోగం పోతుందంటే గుండె కలుక్కుమంది. "బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు నోరు అదుపులో పెట్టుకోండి. ఉన్నదున్నట్టు చదివేసి వచ్చేయండి" అని బతిమాలింది.

"ఒట్టు తల్లీ. రేపు చూడు."

మర్నాడు బాబాయి నిజంగానే తప్పు లేకుండా నడిపించాడు. వయొలిన్‌ని వయొలినే అన్నాడు. కింద ఏజెంటు తలాడిస్తున్నాడని కబురొచ్చింది. ఇక ఒక్క పాట మిగిలింది. బాబాయి అద్దంలోంచి ఆమె ఫోను వైపు చూశాడు. అది మోగలేదు. గడియారం వైపు చూశాడు. మళ్లీ ఫోను వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ జోడించింది. బాబాయి మైకు దగ్గరికి వంగి, "శ్రోతలారా, పాటకి నాలుగు నిమిషాల చొప్పున ఆరు పాటలు, మొత్తం ఇరవై ఆరు నిమిషాలు మిమ్మల్ని అలరించాం" అన్నాడు.

ఆమె తల పట్టుకుంది. కింద ఏజెంటు లేచి నిలబడ్డాడు. "మీ స్టేషన్లో లెక్కలు ఇలా ఉంటే, నా సబ్బు ప్రకటన ఎన్నిసార్లు వేశారో నేనెలా నమ్మనండీ?" అని సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

పైన ఫోను మోగింది. లెక్కల మేష్టారు. బాబాయి పరుగెత్తుకొచ్చి అందుకుని, ఆ తిట్లు వింటూ కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. ఓనరు మెట్లెక్కి వచ్చేసరికి కూడా ఆయన మొహంలో ఆ వెలుగు తగ్గలేదు.

అప్పుడు బావమరిది తన బిళ్ల నిమురుకుంటూ ఆఖరి సలహా ఇచ్చాడు. "మనుషుల్ని పెట్టుకుంటే తప్పులే బావా. కంప్యూటర్ పెట్టేద్దాం. పాట వెనక పాట. మధ్యలో మాటే ఉండదు. గంటకోసారి మాత్రం ఒక ఆడగొంతు వారమూ, టైమూ చెబుతుంది. ఫోనమ్మాయి పొద్దున్నే వారం టైపు చేస్తే చాలు."

బోర్డు మారింది. పావురాలు కాసేపు ఎగిరి, పెయింటరు దిగగానే మళ్లీ వచ్చి కూర్చున్నాయి. సవరణ బాబాయిని వెనక గదిలో పాత రికార్డులు తుడిచే పనికి వేశారు. నెలాఖరు దాకా తుడుచుకుని, ఆపైన ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు.

కంప్యూటర్ ఒక్క తప్పు చేయలేదు. ఫోనమ్మాయి కోరుకున్నదీ అదే. రోజంతా ఫోను మోగలేదు. ఆమె బల్ల తుడిచింది. పెన్నులు వరసగా పెట్టింది. వరస బాగాలేదని మళ్లీ పెట్టింది. సాయంత్రానికి ఫోను పాడైందేమోనని అనుమానమొచ్చి ఎత్తి చూసింది. బాగానే ఉంది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఫోను వచ్చింది.

"అమ్మాయీ, లెక్కల మేష్టార్ని. ఆయనకి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారండీ. కార్యక్రమం మారింది. ఇప్పుడు కంప్యూటర్ నడుపుతోంది."

"అదే చూస్తున్నాను. ఒక్క తప్పు లేదు." ఆయన గొంతులో విచారం. "ఎంతసేపని వినను చెప్పు? పొద్దుట్నుంచి చెవి రిక్కించుకుని కూర్చున్నాను. అన్నీ సరిగ్గానే చెబుతోంది దిక్కుమాలింది... సరేలే. ఉంటానమ్మా."

ఆయన పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు.

మర్నాడు వయొలిన్ టీచరమ్మ చేసింది. ఫిర్యాదు ఏమీ లేదట, ఊరికే చేసిందట. ఆ మధ్యాహ్నం కండక్టరు. "ఏం తిట్టమంటావమ్మా? బస్సుల ఊసే లేదాయె!" అని విసుక్కున్నాడు.

ఫోను పెట్టి ఆమె అలాగే కూర్చుంది. మేష్టారెప్పుడూ లెక్కల తప్పుకే చేసేవారు. టీచరమ్మ వయొలిన్‌కే. కండక్టరు పాత బస్సుకే. ఒకరి తప్పుకి ఇంకొకరు ఏనాడూ చేయలేదు. ఇంకో సంగతి కూడా తోచింది. బాబాయి ఇన్నేళ్లు తప్పులు చెప్పినా ఇప్పుడు తిరిగే బస్సు టైము ఒక్కసారీ తప్పు చెప్పలేదు. మందుల షాపు టైములు తప్పు చెప్పలేదు. ఎవరి బస్సూ తప్పిపోలేదు. ఆమె లేచి వెనక గదిలోకి నడిచింది.

బాబాయి ఒక రికార్డుని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"బాబాయ్, ఆరు నాలుగులెంత?"

"ఇరవై నాలుగు" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

"వేణువు, వయొలిన్ తేడా తెలుసా మీకు?"

"ఎందుకమ్మా ఇప్పుడవన్నీ..."

"నాటకాలొద్దు. కావాలనే కదూ?"

బాబాయి రికార్డు పక్కన పెట్టాడు. దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా తల గోక్కున్నాడు. "ముగ్గురూ ఒంటరి మనుషులమ్మా. ఒకప్పుడు రోజూ ఫోన్ చేసి 'బాగున్నారా' అని అడిగేవాణ్ని. 'ఆఁ, బాగానే ఉన్నాం' అని పెట్టేసేవాళ్లు. ఏం మాట్లాడతారు పాపం? అదే తప్పు చెప్పాననుకో, అరగంట మాట్లాడతారు. తిట్టి తిట్టి ఆకలి పుట్టి, అన్నం తింటారు."

"మరి ఆ రోజు? నేను చేతులు జోడించి మరీ చెప్పానే! ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఎందుకన్నారు?"

"అంతకుముందు రోజు ఇరవై ఆరన్నా కూడా మేష్టారు ఫోన్ చేయలేదమ్మా. ఒక్కరే ఉంటారు కదా, ఎలా ఉన్నారో ఏమోనని..." బాబాయి మళ్లీ రికార్డు తీసుకున్నాడు. "తిట్లు విన్నాక ప్రాణం కుదుటపడింది."

ఫోనమ్మాయికి కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏడిస్తే బాబాయి వేళాకోళం చేస్తాడని కోపమే ఉంచుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు మంగళవారం. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి ఒక తప్పు రాసింది. ఆడగొంతు తియ్యగా, "శుభోదయం. ఈ రోజు ఆదివారం" అంది.

ఊరు ఒక్కసారిగా ఆగి ఆలోచించింది. బడిపిల్లలు మాత్రం ఆలోచించలేదు. రేడియో చెప్పాక తిరుగేముందని సంచులు భుజాన వేసుకుని ఇళ్లకి తిరిగొచ్చేశారు. మంగలి షాపు ముందు మనుషులు వరస కట్టారు. ఒక గుమాస్తా ఆఫీసు మెట్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చి పడుకున్నాడు. స్టేషన్లో ఆమె ఫోను, బాబాయి ఫోను, కింద కొట్లో ఫోను, అన్నీ కలిసి మోగడం మొదలుపెట్టాయి.

ఓనరూ, బావమరిదీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "కంప్యూటర్ తప్పు చేయదే!" అన్నాడు బావమరిది.

"నేను చేశాను" అంది ఫోనమ్మాయి.

ఓనరు నోరు తెరిచేలోగా పక్కనున్న ఫోను మళ్లీ మోగింది. ఆయనే విసురుగా ఎత్తాడు.

"హలో, ఓనర్ని మాట్లాడుతున్నాను!"

"పరుపుల కొట్టువాడివా? ఎనిమిదో ఎక్కం దగ్గర ఏడ్చినవాడివి నువ్వే కదూ?"

ఓనరు టక్కున నిటారుగా నిలబడ్డాడు. "అవునండి మేష్టారూ... కంప్యూటర్లో చిన్న తప్పు..."

"అది తప్పట్రా? తప్పంటే అలా ఉంటుందా? ఆదివారం కాదు, మంగళవారం. అయిపోయింది. ఇంకేం మాట్లాడను నేను? ఆ పాతాయన తప్పు చేస్తే దిద్దడానికి అరగంట పట్టేది! మీ యంత్రానికి తప్పు చేయడం కూడా సరిగ్గా రాదు. ముందు ఆయన్ని పిలువు!"

"అలాగేనండి మేష్టారూ" అన్నాడు ఓనరు, చేతులు కట్టుకోబోయి, ఫోను జారితే పట్టుకున్నాడు.

తర్వాతి ఫోను టీచరమ్మది. ఆ తర్వాత కండక్టరు. ఆయన తిట్టి తిట్టి, మాటల్లో మాటగా మీ కొట్లో కొన్న పరుపు మధ్యలో గడ్డ కట్టిందని కూడా తిట్టి, సాయంత్రం స్వయంగా వచ్చి తిడతానన్నాడు. అన్నట్టే వచ్చాడు. గంటసేపు తిట్టి, కొత్త పరుపు కొనుక్కుని వెళ్లాడు.

ఓనరు చాలాసేపు ఆలోచించాడు. "ఒరే, కుర్రాళ్లు కొనలేదు, ప్రశాంతంగా ఉన్నవాళ్లు కొనలేదు, ప్రేమించినవాళ్లు కొనలేదు. తిట్టేవాడు కొన్నాడ్రా!"

"నేనూ అదే చెబుదామనుకుంటున్నాను బావా" అన్నాడు బావమరిది.

మర్నాడు 'మాటా పాటా' అని బోర్డు మారింది. పావురాలు ఈసారి ఎగరను కూడా ఎగరలేదు. బాబాయిని మళ్లీ మైకు దగ్గరికి పిలిచారు. "తప్పులు ఎన్నైనా చెప్పుకోండి గానీ ప్రకటనల్లో మాత్రం వద్దు" అన్నాడు ఓనరు.

"ప్రకటనల్లో ఎప్పుడైనా చెప్పానా?" అన్నాడు బాబాయి, కాస్త నొచ్చుకుని.

ఆ పొద్దున వయొలిన్ వేణువైంది, ఆరు నాలుగులు ఇరవై ఆరయ్యాయి, పాత బస్సు ఎంచక్కా వంతెనెక్కింది. ఫోన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నీ అయ్యాక బాబాయి టీ గ్లాసులు పట్టుకుని ఫోనమ్మాయి బల్ల దగ్గరికి వచ్చాడు.

"మొదటి ప్రయత్నం కదా, ఫర్వాలేదు గానీ," అన్నాడు గొంతు తగ్గించి, "ఆదివారమన్నది మరీ పెద్దదమ్మా. ఊరందరికీ సరిపోయే తప్పు చేయకూడదు. ఒక్క మనిషికి సరిపోయేది చేయాలి."

"నాకు పాఠాలు చెప్పకండి" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

బాబాయి గ్లాసు పెట్టేసి స్టూడియోలోకి వెళ్లిపోయాడు. ఆమె ఒక గుక్క తాగింది. పంచదార ఉంది.

చిరాకుతో లేవబోయి, సగంలో ఆగిపోయింది. గ్లాసు వైపు చూసింది. ఈ ఊరు వచ్చిన కొత్తలో "హలో", "లైన్లో ఉండండి" దాటి తను మొట్టమొదట మాట్లాడిన మాట ఏమిటో గుర్తొచ్చింది. అద్దంలోంచి చూసింది. బాబాయి గోడకున్న పరుపు మీది మరకని మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. చెవి మాత్రం ఇటే ఉంది.

పంచదార సంగతి తెలిసిపోయిందని చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఆయన రేపు గ్లాసు పెట్టి "బాగున్నావా" అంటాడు. "ఆఁ, బాగానే ఉన్నాను" అనాలి.

ఆమె టీ అడుగంటా తాగేసి, మూతి తుడుచుకుని, అద్దం తలుపు ధడాలున తోసింది. "బాబాయ్! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? మీ చెవులా, అవేమైనా పరుపులా?" అని అందుకుంది. గది ఓనరమ్మ సంగతి, కుళాయి సంగతి, ప్రెస్సులో కొత్తగా వచ్చిన పెద్ద చప్పుడు సంగతి, ఇన్నాళ్లూ చెప్పడానికి మనిషి లేక పేరుకుపోయినవన్నీ ఒక్కొక్కటే దులిపేసింది. మైకు ఆన్‌లో ఉందని ఇద్దరికీ గుర్తులేదు. ఊరంతా పనులు ఆపి వింది.

బాబాయి చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "మతిమరుపమ్మా. రేపటినుంచి చూడు" అన్నాడు.

మర్నాడు చూస్తే, టీలో పంచదార ఇంకో చెంచా ఎక్కువే ఉంది.